పేరు ఎవరి సొత్తు?

భవానీపురమున కృష్ణయొడ్డున ఆదివారము ఉదయము పత్రికతోనే మొదలగును. మొదటి పుట ముగించి సాహిత్యపుట వరకు వచ్చు పాఠకునికి అడవి దూరపు వస్తువు. తూర్పున ఇంద్రకీలాద్రి కనిపించును. అది కొండయే గాని దానిమీద గుడి, గుడికి మెట్లు, మెట్లవెంట దీపములు ఉన్నవి. ఆ పాఠకుడు నిత్యము ఎరిగిన కొండ అంతవరకే.

2025 నవంబరు 18న ఆ దూరము ఒక్కసారిగా తగ్గినది. మారేడుమిల్లి అడవులలో మావోయిస్టు నాయకుడు మాడ్వి హిడ్మా మరణించిన వార్తయు, విజయవాడ శివారున కానూరులో తలదాచుకొన్న పలువురిని పోలీసులు పట్టుకొన్న వార్తయు ఒకే దినమున వచ్చినవి. అట్టి సమయమున నగరవాసి మొదట అడుగు ప్రశ్న ‘ఏ యింటిలో?’ అనునది. ‘ఏ యూరినుండి వచ్చిరి? ఏల వచ్చిరి?’ అను ప్రశ్న ఆ తరువాత గాని రాదు. పలుమారులు రానేరాదు.

మారేడుమిల్లిలో జరిగినది ఎదురుకాల్పులని పోలీసులు చెప్పిరి. పౌరహక్కుల సంఘములు ఆ మాటను ప్రశ్నించినవి. ఈ రెండు మాటల నడుమ మూడవ మాట ఒకటి ఉండవలెను. అది ఆ అడవిలో కాపురముండు కొండరెడ్డిది, కోయది. పత్రికలలో అరుదుగా కనిపించు మాట అదియే. అట్లు కనిపించకపోవుటకు అలసత్వ మొక్కటే కారణము కాదు. ఆ మాటను పేరుతో అచ్చువేసిన మరునాడు, చెప్పిన మనిషికి ఏమగునో అను భయము కూడ కారణమే. ఆ భయము ఎంతవరకు ధర్మము, ఎచట సాకు అగును అన్న విచారణ తెలుగు పత్రికా ప్రపంచమున జరుగవలసినంతగా జరుగలేదు.

మైదానమున ఈ చిక్కు ఇంతగా లేదు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగరు మొదలగు పేటలు మునిగినపుడు, నడుములోతు నీటిలో నిలిచిన గృహస్థు తన పేరు చెప్పి, ప్రభుత్వమును నిందించి, తన ఫోటో పడవలెనని కోరగలిగెను. వార్తలో తప్పు దొర్లినచో మరునాడు టెలిఫోను చేయగలడు. అవసరమైనచో ఆటో ఎక్కి పత్రికా కార్యాలయమునకు రాగలడు. భవానీపురపు పాఠకునికిని, పత్రికకును నడుమ ఉన్న బంధము ఇట్టిది. అది రెండువైపుల రాకపోకలున్న దారి. కొండమీద ఆ దారి ఒకవైపే నడచును. విలేఖరి ఎక్కును, వినును, దిగిపోవును. వార్త అచ్చగును. కొండ దిగి వచ్చిన విలేఖరికి మైదానమున ఇల్లున్నది. మాట చెప్పినవానికి ఆ కొండయే ఇల్లు.

ఈ వ్యత్యాసము నేటిది కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో మొదలైన మన్యపు పోరాటము ఇందుకు నిదర్శనము. పోడుసేద్యముపై ఆంక్షలు, రోడ్డుపనులలో వెట్టి, అటవీశాఖ నిర్బంధములు ఆ పోరాటమునకు కారణములు. వాటిని అనుభవించినవారు మన్యపు ప్రజలు. పోరాటము చేసినవారిలో అత్యధికులు వారే. అయినను మైదానమునకు చేరిన పేరు ముఖ్యముగా ఒక్కటి, అల్లూరి సీతారామరాజు. ఆయన త్యాగమును తక్కువచేయుట ఎవరికిని తగదు. కాని ఆయన మైదానమున పుట్టి చదువుకొన్నవాడు. ఆయన పేరును పలుకుట, వ్రాయుట మైదానమునకు సులువు. గాము గంటందొర పేరును ఎరిగినవారు అంతకంటె తక్కువ. ఆయన సోదరుడు మల్లుదొర దీర్ఘకాలము చెరసాలలో గడపి, స్వతంత్ర భారతమున 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యెనని తెలిసినవారు మరింత తక్కువ. వారి వెనుక నడచిన వందలమంది పేర్లు ఆనాటి పోలీసు కాగితములలో ముద్దాయిల పట్టికలుగా మిగిలినవి. పత్రిక పేరు వ్రాయనిచోట పోలీసు వ్రాయును. ఇది మొదటి పాఠము.

రెండవ పాఠము 1981 నాటిది. ఆ ఏటి ఏప్రిల్ 20న ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మరణించినవారు 13 మంది అని ప్రభుత్వము ప్రకటించినది. పౌరహక్కుల సంఘములును, స్థానికులును చెప్పిన సంఖ్య దానికి అనేక రెట్లు. నాలుగు దశాబ్దములు గడచినను ఆ సంఖ్యపై అంగీకారము లేదు. ఏ సంఖ్య నిజమో తేల్చవలసినది పేర్ల పట్టిక. ప్రతి గూడెమునకు పోయి, ఏ యింటివాడు తిరిగి రాలేదో అడిగి వ్రాసిన పట్టిక వెంటనే అచ్చయి యున్నచో వివాదమునకు చోటు తగ్గియుండును. కాని కాల్పుల మరుసటి వారమున, పోలీసు బలగములు తిరుగుచున్నచోట, ‘మా వాడు ఆ సభకు పోయినాడు’ అని ఏ తల్లి చెప్పగలదు? చెప్పినచో మిగిలిన కొడుకు మాట ఏమి? పేరు వ్రాయనందున మృతుడు లెక్కలోనుండి జారిపోయెను. వ్రాసినచో బ్రతికినవాడు చిక్కులో పడును. విలేఖరి ధర్మసంకటము ఇంతకంటె స్పష్టముగా ఎచటను కనిపించదు.

1967 అక్టోబరు 31న శ్రీకాకుళము ఏజెన్సీలో లేవిడి వద్ద, గిరిజన సంఘ మహాసభకు పోవుచున్నవారిపై భూస్వాముల పక్షమువారు కాల్పులు జరిపి కోరన్న, మంగన్న అను ఇద్దరు గిరిజనులను చంపిరి. ఆ రెండు పేర్లు నిలిచినవి. ఒక ఉద్యమము వాటిని మోసినది. ఉద్యమము మోయని పేర్లను మోయవలసిన బాధ్యత పత్రికదే. ఆ తరువాతి సంవత్సరములలో ‘ఎన్‌కౌంటరు’, ‘ఎదురుకాల్పులు’ అను మాటలు తెలుగు పత్రికలలో నిత్యపదములైనవి. ఒక పక్షము చెప్పిన మాట ఆ పక్షము పేరు లేకుండ వార్తాకర్త మాటగా అచ్చుకెక్కినది. అత్యవసర పరిస్థితి ముగిసిన పిమ్మట 1977లో తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్‌లోని అట్టి మరణములను విచారించి, ఆ మాటను ప్రశ్నించినది. 2014లో సుప్రీంకోర్టు ప్రతి ఎన్‌కౌంటరు మరణమునకు స్వతంత్ర దర్యాప్తు జరుగవలెనని మార్గదర్శకములు విధించినది. దర్యాప్తు ముగియకముందే న్యాయస్థానము నమ్మని మాటను పత్రిక నమ్మి వ్రాయుట ఏమి న్యాయము? ‘పోలీసులు చెప్పిన ప్రకారము’ అను మూడు మాటలు చేర్చుటకు పట్టు చోటు ఒక పంక్తిలో సగము. ‘మావోయిస్టుల ప్రకటన ప్రకారము’ అనుటకును అంతే.

మూడవ పాఠము వాకపల్లి. విశాఖ ఏజెన్సీలోని ఆ చిన్న గూడెమున 2007 ఆగస్టు 20న గాలింపునకు వచ్చిన గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారము చేసినారని 11 మంది కోందు స్త్రీలు ఫిర్యాదు చేసిరి. అట్టి ఫిర్యాదు చేసిన స్త్రీ పేరు ప్రకటించరాదని చట్టము శాసించుచున్నది. నాడు ఇండియన్ పీనల్ కోడు 228-ఏ సెక్షను, నేడు భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను చెప్పునది ఇదే. పేర్లు దాచినను గూడెము పేరు దాగలేదు. కొద్ది ఇండ్లున్న గూడెమున ఊరి పేరు చెప్పుట ఆ స్త్రీలను వ్రేలితో చూపుటయే. మహానగరపు చిరునామాలను దృష్టిలో ఉంచుకొన్న నియమము కొండగూడెమునకు సరిపోలేదు.

అయినను ఇచట రెండవ పక్షము ఉన్నది. ఊరి పేరు రాకున్నచో ఆ ఫిర్యాదు పాడేరు దాటి వచ్చెడిదా? న్యాయస్థానములలో పదునైదేండ్లకు పైగా నిలిచెడిదా? 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నములోని ప్రత్యేక న్యాయస్థానము నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టినది. అదే తీర్పున దర్యాప్తు జరిగిన తీరును తప్పుపట్టి, ఆ స్త్రీలకు నష్టపరిహారము ఈయవలెనని ఆదేశించినది. ఆ ఊరి పేరు వారికి కవచమును అయినది, మచ్చయు అయినది. ఏది ఎంత అన్నది తేల్చగలవారు ఆ స్త్రీలే గాని, వారి పక్షమున వ్రాసినవారు గాని వ్యతిరేకముగ వ్రాసినవారు గాని కారు. ఈ పంక్తులలో మరల ఆ పేరు ఎత్తవలసి వచ్చుటయే ఆ చిక్కు ఎంత గట్టిదో చెప్పుచున్నది.

ఒక జాతి పేరే శీర్షికకెక్కుట మరియొక విధమైన హాని. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలైన పిమ్మట, రెండు తుపాకుల నడుమ నిలువలేక బస్తరునుండి వేలాది కుటుంబములు గోదావరి తీరపు అడవులకు వచ్చి చేరినవి. ఖమ్మము, భద్రాద్రి కొత్తగూడెము, ములుగు ప్రాంతములలో వారిని గుత్తికోయలందురు. పుట్టినచోట వారు షెడ్యూల్డు తెగవారు. వచ్చినచోట ఆ గుర్తింపు దొరకుట దుర్లభము. 2022 నవంబరులో కొత్తగూడెము జిల్లాలో విధినిర్వహణలో ఉన్న ఒక అటవీ అధికారి హత్యకు గురియైనాడు. అది ఘోరమైన నేరము. నిందితులు ఇద్దరు. శీర్షికలలో నిలిచినది ఒక జాతి పేరు. ఆ వెంటనే స్థానిక గ్రామసభ గుత్తికోయలను వెళ్ళగొట్టవలెనని తీర్మానించినట్లు వార్తలు వచ్చినవి. కృష్ణాజిల్లాలో ఇద్దరు రైతులు ఒక అధికారిని చంపినచో వారి కులము పేరుతో శీర్షిక పెట్టుటకు ఏ సంపాదకుడును సాహసించడు. మైదానమున అనౌచిత్యమైనది అడవిలో వార్తాలక్షణము ఎట్లగును?

ఈ గుత్తికోయల గూడెములవద్దనే విలేఖరికి మరియొక ప్రశ్న ఎదురగును. బడిలేని, మంచినీరులేని గూడెమును గురించి వ్రాసినచో నీరు రావచ్చును. ఆ గూడెము రక్షితారణ్యములో ఉన్నదని తెలిసి గుడిసెలు కూల్చువారును రావచ్చును. సదుద్దేశముతో వ్రాసిన వార్తయే చిరునామా అగును. నేటి మొబైలు ఫోనుతో తీసిన ఫోటోలో తీసినచోటు, గడియ కూడ నిక్షిప్తమై యుండవచ్చును. పేరు మార్చి వ్రాసిన విలేఖరి, ఫోటోతోపాటు దారిని అప్పగించిన సందర్భమే అది.

మాట చెప్పినవానికి ఒకవైపునుండియే గాక రెండువైపులనుండియు ముప్పు వచ్చును. పోలీసులపై మాట చెప్పినచో మావోయిస్టులకు అన్నము పెట్టినవాడగును. మావోయిస్టులపై చెప్పినచో ఇన్‌ఫార్మరగును. ఇన్‌ఫార్మరన్న నిందతో ప్రాణములు పోయిన గిరిజనులు ఎందరో! విలేఖరికిని ఆ గతి తప్పలేదు. బీజాపూరు జిల్లాలో విలేఖరిగా పనిచేసిన సాయిరెడ్డిని 2008లో మావోయిస్టులకు తోడ్పడినాడని ప్రభుత్వము చెరలో పెట్టినది. 2013 డిసెంబరులో ఆయనను మావోయిస్టులే చంపిరి. అదే జిల్లా విలేఖరి ముకేశ్ చంద్రాకర్, 2021 ఏప్రిల్‌లో మావోయిస్టుల చేజిక్కిన సి.ఆర్.పి.ఎఫ్. జవానును విడిపించి తెచ్చినవారిలో ఒకడు. రోడ్డుపనిలోని అక్రమములు బయటపడిన పిమ్మట, 2025 జనవరి 3న ఆయన శవము ఒక కాంట్రాక్టరు ఆవరణలోని సెప్టిక్ ట్యాంకులో దొరకినది. 2022 జూన్‌లో బ్రెజిల్ దేశమున జావరీ లోయలో, ఆదివాసుల భూములలోని అక్రమ వేటను పరిశీలించుచున్న ఇంగ్లీషు విలేఖరి డామ్ ఫిలిప్స్, ఆదివాసీ వ్యవహారముల నిపుణుడు బ్రూనో పెరెయిరా హతులైరి. వారిని వెదకుటలో ముందు నిలిచినవారు ఆ లోయలోని ఆదివాసులే. ఆ ఇద్దరి పేర్లు లోకమంతట తెలిసినవి. ఆ ఆదివాసులలో ఒక్కని పేరైన దూరదేశపు పాఠకునికి తెలియదు.

విలేఖరి ప్రాణమును గురించి మాటలాడునపుడు అతని జీతమును గురించియు మాటలాడవలెను. ఏజెన్సీ మండలములలో వార్తలు పంపువారు పెక్కురు నెలజీతగాండ్రు కారు. అచ్చయిన వార్తల కొలతనుబట్టి వారికి ముట్టునది స్వల్పము. దానిపై ప్రకటనలు సేకరించు భారము వేరు. వారు ప్రకటన అడుగవలసిన కాంట్రాక్టరే వారు వార్త వ్రాయవలసిన కాంట్రాక్టరు. వారు వార్తకై పోవలసిన ఠాణాయే వారిని అనుమానించు ఠాణా. అట్టివానికి నీతిబోధ చేయుట విజయవాడలోని చల్లని గదిలో కూర్చున్నవారికి సులభము. మొదటి నీతి ఆ గదిలోనే పాటింపబడవలెను.

భాష మాట మరువరాదు. కువి, కోయ, గోండి, సవర మాట్లాడు స్త్రీతో విలేఖరి తెలుగున మాట్లాడును. నడుమ దుబాసీ ఉండును. ఆ దుబాసీ ఠాణాకు కావలసినవాడో, పార్టీకి కావలసినవాడో, సంతలో అప్పులిచ్చు షావుకారు మనిషియో కావచ్చును. ఆమె పది మాటలు చెప్పును. దుబాసీ రెండు చెప్పును. విలేఖరి ఐదు వ్రాయును. వ్యావహారిక భాషోద్యమ నాయకుడుగా తెలుగునాడు ఏటేట ఆగస్టు 29న స్మరించు గిడుగు రామమూర్తి పంతులు, పర్లాకిమిడిలో ఉండగా సవరల భాషను వారివద్దనే నేర్చి, 1931లో దాని వ్యాకరణమును వెలువరించినారు. 1940లో కొమురం భీము జోడేఘాట్ వద్ద మరణించిన పిమ్మట నిజాము ప్రభుత్వము పిలిపించిన హైమెన్‌డార్ఫ్ పండితుడు గోండుల నడుమ మార్లవాయిలో కాపురముండి వారి మాట వినినాడు. ఆ ఇద్దరును మొదట చేసినది వ్రాయుట కాదు, నేర్చుట. పత్రికకు అంత తీరిక లేదనుట నిజమే. కాని తీరిక లేనివాడు తీర్పు చెప్పుటకును తొందరపడరాదు.

ఇన్ని చిక్కులున్నవి గనుక పేర్లు అసలే వ్రాయకుండుట క్షేమమని కొందరందురు. అది ధర్మమువలె కనిపించు సోమరితనము. పేరులేని మాటకు బలము తగ్గును. ‘ఒక గిరిజనుడు చెప్పినాడు’ అను వాక్యమును ఎవరైనను కల్పింపవచ్చును, ఎవరైనను కొట్టివేయవచ్చును. పేరుండునది అధికారికి, నాయకునికి, మంత్రికి మాత్రమే అయినపుడు, అడవి మనుష్యులున్న చోటుగా గాక తుపాకులున్న చోటుగా మిగులును. మరికొందరు, నిజము వ్రాయుటయే విలేఖరి పని, ఫలితము అతనిది కాదందురు. అదియు సరికాదు. ఫలితమును మోయువాడు వేరొకడు అయినపుడు, ఆ మాట అనుటకు విలేఖరికి హక్కు లేదు.

పేరు దానిని ధరించినవాని సొత్తు. పత్రిక దానిని అరువు తెచ్చుకొనును. అరువు తెచ్చుకొనువాడు అడిగి తేవలెను. వస్తువు చెడకుండ చూచుకొనవలెను. తిరిగి వచ్చి ముఖము చూపవలెను. అడుగుట అనగా ‘నీ పేరు వేయవచ్చునా?’ అని తెలుగున ఒకమాట అని, తలయూపినంతనే వ్రాసికొనుట కాదు. ఈ పత్రిక ఎవరు చదువుదురు, ఠాణాలో చదువుదురా, అడవిలో చదువుదురా, ఫోనులో ఎంతదూరము పోవును, ఒకసారి పోయినది తిరిగి రాదని అతని భాషలో, అతడు నమ్మిన మనిషిద్వారా చెప్పి అడుగుట. రాత్రి ఇంటివారితో ఆలోచించుకొని రేపు చెప్పుమనుట. చెప్పిన తరువాత మనసు మార్చుకొనుటకు అవకాశమిచ్చుట. వలదన్నచో ఆ వార్త పోవును. పోనిండు. ఒక పత్రిక పోగొట్టుకొన్న వార్తలలోనుండియు దాని గౌరవము పెరుగును.

పేరు దాచినచోట పత్రిక దాని భారము తానే మోయవలెను. సంపాదకునికి తెలిసిన పేరు సంపాదకునివద్దనే ఆగవలెను. ఈ దేశమున విలేఖరికి మాట చెప్పినవానిని కాపాడు చట్టము దుర్బలమైనది. 1978 ప్రెస్ కౌన్సిల్ చట్టము ఆ కౌన్సిలు ఎదుట మాత్రమే ఆధారము వెల్లడింపనక్కరలేదని చెప్పుచున్నది. న్యాయస్థానముల ఎదుట అట్టి స్పష్టమైన రక్షణ లేదు. కనుక నోటుపుస్తకమున ఏమి వ్రాయవలెను, ఫోనులో ఏమి ఉంచరాదు అన్నది విలేఖరులకు కార్యాలయమే నేర్పవలెను. అన్నిటికంటె ముఖ్యము, వార్త అచ్చయిన నెలకు మరల ఆ గూడెమునకు పోవుట. మొదటి ప్రయాణము పత్రికకు వార్త తెచ్చును. రెండవ ప్రయాణము, మొదటిదాని వలన ఎవరికి ఏమైనదో తెచ్చును. ఆ రెండవ ప్రయాణమునకు ఖర్చు వ్రాయుటకు అంగీకరించు యాజమాన్యము ఉన్నపుడే విలేఖరి నీతిని గురించి మాటలాడుటకు అర్థముండును.

కోయలోనుండి, కోందులోనుండి, సవరలోనుండి చదువుకొన్న యువతీయువకులు ఈనాడు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరిని దుబాసీగా గాక విలేఖరిగా, పంక్తుల కొలతకు గాక జీతముమీద నియమించు పత్రిక ఈ చిక్కులలో సగమును తప్పించుకొనును. మిగిలిన సగము ఏనాడును తప్పదు. తన ఊరివానిని గురించి వ్రాయునపుడు ఆ యువతికిని ఇదే ప్రశ్న ఎదురగును. మరింత తీవ్రముగ ఎదురగును. అయితే ఆమె ఆ గూడెమునకు మరల పోవలసినదే, అదే సంతలో అదే మనుష్యులను పలుకరింపవలసినదే. ఆ యెరుకతో వ్రాయువారి చేతిలో మరియొకరి పేరు భద్రముగ నుండును.